సుర్మాకొండ కింద బావి

ఊళ్లు తిరిగి వచ్చినవాళ్లు గుడి చూశామనో, కోట చూశామనో, సముద్రంలో మునిగామనో రాస్తారు. నేను వెళ్లి చూసి వచ్చింది ఒక చేదబావి. నల్లరాతి గట్టు, రెండు గిలకలు, నోటి మీద తుమ్మకంప. ఆ కంప వేయించింది నేనే. దాన్ని తియ్యాలో, ఎప్పటికీ అలాగే ఉంచాలో తేల్చాల్సిందీ నేనే. అందుకని వెళ్లాను.

నా ఉద్యోగం రాళ్లు కొట్టడం. కొంచెం గౌరవంగా చెప్పాలంటే, కొండల్లో ఖనిజాలు ఎక్కడున్నాయో వెతకడం. మొదటిసారి డిసెంబరులో దర్శికి పడమరగా ఉన్న ఒక కొండ దగ్గరికి వెళ్లాను. అక్కడ సీసం, జింకు, వాటితోపాటు కాస్త వెండి ఉంటాయని మా అనుమానం. లోపల ఖనిజం ఉంటే చుట్టుపక్కల బావుల నీళ్లలో దాని జాడ దొరుకుతుంది. కనుక ఊరూరా నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షకు పంపాను. ఫిబ్రవరిలో కాగితం వచ్చింది. కొండ కిందనే ఉన్న గుట్టకిందపాలెం బావి నీళ్లలో సీసం, అదీ తాగేవాళ్లకు విషమయ్యేంత.

నిజం చెప్పుకోవాలి. ఆ అంకె చూసి ముందు నాకు సంతోషమేసింది. ఖనిజం ఊరి కిందికే దిగిందన్నమాట అనుకుని, మ్యాపులో ఆ బావి చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్న చుట్టి పై అధికారికి చూపించాను. ఆయన టీ తెప్పించాడు. రెండు రోజులు గాల్లో నడిచాను. మూడోరోజు పొద్దున మా ఆవిడ మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చినప్పుడు తట్టింది, ఆ నీళ్లు తాగే మనుషులున్నారని. రెండు రోజులు ఆ సంగతి గుర్తు రానందుకు నా మీద నాకే అసహ్యమేసింది. వెంటనే ఆ ఊరి బడి టీచరుకు ఉత్తరం రాశాను: నేను వచ్చి మళ్లీ పరీక్ష చేసేదాకా బావి నీళ్లు ఎవరూ తాగొద్దు.

సెలవు దొరికి, పరీక్షపెట్టె చేతికి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది.

గుంటూరు

మా జీపు మరమ్మతుకు వెళ్లింది కాబట్టి బస్సే గతి. ఒళ్లో పరీక్షపెట్టె, చేతిసంచిలో పాత పేపరు చుట్టిన ఒక గాజుసీసా. ఈ సీసా కథ ఇప్పుడే చెప్పాలి. డిసెంబరులో గుట్టకిందపాలెంలో నా ప్లాస్టిక్ సీసా ఒకటి జీపు చక్రం కింద చితికిపోయింది. ఆ ఊళ్లో దూది ఏకే మస్తాన్ గారి భార్య కాశింబీని "ఒక మంచి సీసా ఉంటే ఇవ్వమ్మా" అని అడిగాను. ఆవిడ లోపలికి వెళ్లి చాలాసేపటికి ఇది తెచ్చింది. నీలం గాజు, గాజుదే మూత, కడిగి తళతళలాడించింది. అడిగి తెచ్చుకున్న వస్తువు కనుక, పని అయ్యాక తిరిగి ఇవ్వాలని తీసుకెళ్తున్నాను.

అది మిరప కోతల కాలం. మిర్చి యార్డు పక్కనుంచి వెళ్లేటప్పుడు బస్సు బస్సంతా తుమ్మింది. మా తణుకు వైపు ఇంట్లో పోపు పెడితేనే కిటికీలు తెరుస్తాం. ఇక్కడ ఊరికి ఊరే పోపు.

పక్కసీటు రైతు నా పెట్టె వంక చాలాసేపు చూసి అడిగాడు.

"ఏం కంపెనీ సార్ తమరిది?"

"కంపెనీ కాదండీ."

"మరి పెట్టెలో ఏంది?"

వివరంగా చెప్పడానికి బద్ధకించి "మందు" అన్నాను. అదే నా పొరపాటు. పత్తిచేల మధ్య మందు అంటే ఒకటే మందు.

"మందా! మొన్న మీవాడే వచ్చి అంటగట్టి పొయ్యాడు. నాలుగు తడవలు కొట్టా. తెల్లదోమ ఆకు మీద కూచుని నన్ను చూసి నవ్వుతా ఉంది!"

వెనకసీటు వాళ్లు కూడా అందుకున్నారు. నేను పురుగుమందులవాణ్ణి కాదని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు. అద్దంకి దాకా ఎవరి తిట్లో నేను తిన్నాను. విచిత్రమేమిటంటే, తిట్టినాయనే దిగేముందు సంచిలోంచి ఉడకబెట్టిన చిలగడదుంపలు రెండు తీసి నా చేతిలో పెట్టాడు.

"తినండి, మొహం వాడిపోయింది" అన్నాడు.

అద్దంకి

అద్దంకిలో భోజనం నాలుగు రూపాయలు. మొదటి ముద్ద కారప్పొడి, నెయ్యి. రెండోది గోంగూర. మూడో ముద్ద ఏమిటో కళ్లనీళ్లలో కనపడలేదు. మా వైపు పులుసులో బెల్లంముక్క వేస్తామని వడ్డించే ఆయనతో అన్నాను.

"అయితే దాన్ని అన్నంలో కలుపుకుంటారా సార్, గ్లాసులో పోసుకు తాగుతారా?" అన్నాడు ఆయన, నవ్వకుండా.

మూడో గ్లాసు నీళ్లు అడిగితే మాత్రం మొహం కాస్త మారింది. పోశాడు గానీ, సగం పోసి ఆగాడు. కాలవగట్టున పుట్టినవాణ్ణి, నీళ్లు అడిగితే ఎవరైనా ఆలోచిస్తారని నాకు తెలియదు. నేను మూయించిన బావి గుర్తొచ్చి, ఆ సగం గ్లాసూ మెల్లగా తాగాను.

దర్శి

దర్శిలో లాడ్జిలో పడుకుని, పొద్దున్నే గుట్టకిందపాలెం వైపు వెళ్లే బండి కోసం నిలబడ్డాను. పత్తి దించేసి ఖాళీగా తిరిగి వెళ్తున్న ఎడ్లబండి ఒకటి దొరికింది. తోలేది యేసుపాదం, ఆ ఊరివాడే, కూలిపనులు చేసుకునే మనిషి. డిసెంబరులో అతను పని మీద వేరే ఊళ్లో ఉన్నాడట. నన్ను ఎరగడు.

దారి పొడవునా తుమ్మచెట్ల ముళ్లకు బండ్ల మీంచి ఎగిరిన పత్తి అంటుకుని ఉంది. చేలల్లో కళ్లాల మీద మిరపకాయలు ఎండుతున్నాయి. యేసుపాదం ఎడ్లతో ఒకసారి, నాతో ఒకసారి మాట్లాడుతున్నాడు.

"ఊళ్లో అంతా బాగేనా?" అన్నాను, భయపడుతూనే.

"ఏం బాగు సార్. గుంటూరు నుంచి ఎవడో కాగితం రాశాడంట, బావిలో ఇషం ఉందని. వాడు సల్లగుండ, కాగితం రాసి కూచున్నాడు. మా ఆడోళ్లు చెరువు దాకా రెండు మైళ్లు నడిచి మోసుకొస్తన్నారు. ఆ చెరువులో గొడ్లు దిగుతయ్యి. మా పిల్లకి మొన్న మూడు రోజులు యిరోచనాలు. కళ్లు లోపలికి పొయినయ్యి."

"ఇప్పుడెలా ఉంది?"

"లేచి తిరుగుతంది, ప్రభువు దయ. నాకు అర్థంగానిది ఒకటే సార్. మా తాత ఆ నీళ్లే తాగాడు, మా నాయన తాగాడు. ఇషమైతే మేమెట్టా పుట్టాం?"

ఆ ఎవడో నేనేనని అప్పుడు చెప్పలేకపోయాను. తల దించుకుని బండిలో మిగిలిన పత్తిగింజలు ఏరుతూ కూర్చున్నాను. నీళ్లలో నిజంగా విషం ఉంటే ఈ ఊరు బావి పోగొట్టుకుంటుంది. లేకపోతే ఆ పిల్ల కళ్లు లోపలికి పోవడానికి కారణం నేను. రెండింటిలో ఏది కోరుకోవాలో తెలిసింది గానీ, కోరుకోవడానికి మొహం చెల్లలేదు.

గుట్టకిందపాలెం

బండి దిగేసరికి రూతమ్మ టీచరు బడి అరుగు మీద నిలబడి ఉంది. మిషన్ బడిలో ఇరవై ఏళ్లుగా అక్షరాలు దిద్దిస్తున్న మనిషి. గంజి పెట్టిన తెల్లచీర, చంకలో గొడుగు.

"రండి సార్. మీ ఉత్తరం గుళ్లో చదివాను, మసీదు ముందు చదివాను, బావి దగ్గర రోజూ చదివాను. ఇప్పుడు చదువు రానివాళ్లకి కూడా అది నోటికొచ్చు."

యేసుపాదం కాడి దించుతున్నవాడల్లా ఆగి నన్ను చూశాడు. "మీరేనా సార్?" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

కంప ఒక పక్కకు జరిపి, కొత్త సీసాల్లో మూడుసార్లు నీళ్లు తోడాను. ఊరంతా చుట్టూ చేరింది. నా పరీక్షపెట్టెలో ఒక ఆకుపచ్చ ద్రవం ఉంటుంది. నీళ్లలో సీసం ఉంటే అది గులాబీరంగుకు తిరుగుతుంది. మొదటి సీసాలో వేసి ఊపాను. ఆకుపచ్చ. రెండోది. ఆకుపచ్చ. మూడోదీ అంతే.

"అంటే తాగొచ్చా?" అంది రూతమ్మ టీచరు.

ఎండలో బస్సుల్లో తిరిగిన మందు చచ్చిపోయి ఉంటే విషం ఉన్నా రంగు మారదు. లేదా ల్యాబులో చేసిన పెద్ద పరీక్షలో వచ్చిన అంకే తప్పయి ఉండాలి. ఏది తప్పో తెలియకుండా పిల్లల్ని తాగమనడం ఎలా?

"కొండ ఒకసారి చూసొచ్చి చెబుతానండీ" అన్నాను. జనం కంప మళ్లీ బావి మీదకు లాగారు.

సుర్మాకొండ

మా కాగితాల్లో ఆ కొండకు పేరు లేదు, ఎత్తు అంకె మాత్రం ఉంది. ఊళ్లో దాన్ని సుర్మాకొండ అంటారు. మస్తాన్ గారు నాకు తోడు వచ్చారు. డెబ్బై ఏళ్ల మనిషి, పత్తి ఏకి పరుపులు కుట్టడం వృత్తి. డిసెంబరులో నేను పది రోజులు వెతికినా దొరకని రాయిని పది నిమిషాల్లో చూపించింది ఆయనే.

కొండ పైభాగం తుప్పు రంగు. ఇనుము టోపీ పెట్టుకున్నట్టు ఉంటుంది. లోపల ఖనిజం కుళ్లితే పైన మిగిలే పొర అది. దాని కింద బూడిదరంగు రాయి, సున్నపురాయికి దాయాది వరస. ఆ రాతి చీలికల్లో సీసపు ఖనిజం చిన్న చిన్న చదరపు ముక్కలుగా, కొత్త స్టీలు గిన్నెలా మెరుస్తుంది. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువు. పక్కనే గోధుమరంగులో ఉండేది జింకు ఖనిజం. దాన్ని పొడి చేసి ఆమ్లం చుక్క వేస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. వెండి మాత్రం కంటికి కనపడదు. సీసంలోనే కలిసిపోయి ఉంటుంది. వాలు మీద నల్లటి చిట్టెపు రాళ్ల గుట్టలున్నాయి. ఎవరో ఏనాటివాళ్లో ఇక్కడ కొలుములు పెట్టి కరిగించుకుని వెళ్లిపోయారు.

మస్తాన్ గారు మెరిసే ముక్క ఒకటి ఏరి తుండుగుడ్డలో మూట కట్టుకున్నారు. నేను బూడిదరంగు రాతి మీద కూర్చుని ఆలోచించాను. కాలేజీలో మొదటి ఏడే చెప్పిన పాఠం గుర్తొచ్చింది. జింకు నీళ్లు తగిలితే పారిపోయే రకం. సీసం సున్నపురాతి పక్కన ఉంటే ఉన్నచోటే అతుక్కుపోయే రకం. కొండలోంచి బావిలోకి ఏదైనా దిగితే ముందు జింకు దిగాలి. నాకొచ్చిన కాగితంలో జింకు అంతంత మాత్రం, సీసం విషమయ్యేంత. పారిపోయేవాడు ఇంట్లోనే ఉన్నాడు, మంచం దిగలేనివాడు ఊరు దాటాడు. ఆ కాగితం చూసిన రోజునే అనుమానపడాల్సింది. టీ తాగుతూ కూర్చున్నాను.

కాశింబీ వాకిలి

మధ్యాహ్నం అయ్యింది. భోంచేసి వెళ్లాల్సిందేనంది కాశింబీ. వరిగన్నం, పండుమిరప పచ్చడి, కోడిగుడ్డు పులుసు. అన్నంలో చెరువునీళ్ల వాసన వస్తోంది. ఆవిడకది తెలుసు.

"ఏమనుకోవద్దు నాయనా, నీళ్లట్టా ఉన్నయ్యి" అంది. పెట్టినదంతా తిన్నాను.

చెయ్యి కడుక్కున్నాక, మాట మార్చడానికన్నట్టు సంచిలోంచి నీలం సీసా తీసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ మొహం విప్పారింది.

"అయ్యో, పోయిందనుకున్నా! ఇదుగో, మన సుర్మాసీసా వచ్చింది!" అని మొగుడికి ఎత్తి చూపించింది.

"ఏం సీసా?" అన్నాను.

"సుర్మాసీసా నాయనా. కొండమీంచి తెచ్చిన రాయిని నూరి, వస్త్రకాయం పట్టి ఈయన ఇందులోనే పోస్తాడు. ఉరుసులో కళ్లకు పెట్టుకునేవాళ్లకి అమ్ముకుంటాడు."

ఆయన తుండులో ఉన్న ముక్క, సుర్మా రాయి, సీసపు ఖనిజం, మూడూ ఒకటే. నాకు తెలియని సంగతేం కాదు. తెలియంది ఈ సీసా.

"మరి ఆ రోజు నాకెందుకిచ్చావమ్మా, సుర్మా పోసుకునే సీసా?"

"మంచి సీసా కావాలన్నావు గదా! మాకున్న మంచి సీసా అదొక్కటే. సుర్మా అంతా కాగితంలోకి వొంపి, కుంకుళ్లతో మూడు నీళ్లు కడిగా."

"అప్పుడే చెప్పొచ్చుగా."

"ఇంటికొచ్చినోళ్లకి ఇచ్చేది ఇచ్చి, మాది ఖాళీ చేసుకున్నామని చెబుతామా ఎక్కడన్నా?"

పరుగున వెళ్లి పెట్టె తెచ్చాను. నీలం సీసాలో గుంటూరు నుంచి తెచ్చుకున్న శుద్ధజలం పోసి, డిసెంబరులో అందులో బావి నీళ్లు పట్టినప్పుడు వేసినట్టే ఆమ్లం నాలుగు చుక్కలు వేసి, గాజుమూత బిగించి ఊపాను. నీళ్లు పాడవకుండా ఆమ్లం వెయ్యడం మా పద్ధతి. మూతకూ మెడకూ మధ్య కుంకుడు నురగకు అందకుండా దాక్కున్న సుర్మాను కరిగించింది నేను వేసిన ఆ చుక్కలే. ఆకుపచ్చ మందు కలిపాను. చూస్తుండగానే గులాబీరంగు తిరిగింది.

అంటే మందు చావలేదు. పొద్దున బావి నీళ్లు చూపించిన ఆకుపచ్చ నిజమైన ఆకుపచ్చే. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, చిన్నతనం అనుకోకుండా. కాశింబీ కంగారుపడి "సీసా పగిలిందా ఏంది?" అంది.

అప్పటికి రూతమ్మ టీచరు కూడా వచ్చి నిలబడింది.

"సీసం నీళ్లలో లేదండీ" అన్నాను. "సీసాలో ఉంది."

ఆవిడ ఆ రెండు మాటలూ ఒకటికి రెండుసార్లు లోలోపల పలుక్కుంది.

"అంటే దీర్ఘం పెట్టాల్సిన చోట సున్న పెట్టారన్నమాట. మా ఒకటో తరగతి పిల్లలు చేసే తప్పే సార్ ఇది. వాళ్లకైతే పదిసార్లు రాయమంటాను."

బావి

బావి దగ్గర ఊరందరికీ తప్పు నాదేనని చెప్పాను. కంప లాగేశారు. నిప్పు పెట్టారు కూడా, మళ్లీ ఎవరికీ వాడే ఆలోచన రాకుండా. యేసుపాదం మొదటి చేద తోడి నా ముందు పెట్టాడు.

"ముందు తమరు" అన్నాడు.

చేత్తో పట్టుకుని తాగాను. చల్లగా, కొద్దిగా సున్నపు రుచితో ఉన్నాయి. అద్దంకిలో సగం గ్లాసుకు ఆగినవాణ్ణి, ఇక్కడ దోసిలి మీద దోసిలి తాగాను. నా తరవాత టీచరు. ఆ తరవాత ఎవరు ముందో, ఎవరు వెనకో లేదు. బిందెలు బిందెలకు కొట్టుకుంటున్నాయి. యేసుపాదం భార్య మొదటి గ్లాసు కూతురికి పట్టి, అది తాగేదాకా ఆగి, అప్పుడు నా వైపు తిరిగింది.

"ఏమయ్యా, మూడు వారాలు మా నడుములు ఇరగ్గొట్టి, ఇప్పుడొచ్చి సీసా అంటావా? ఈసారి కాగితం రాసేముందు నువ్వొక బిందె మోసి చూడు!"

"మోస్తానమ్మా" అన్నాను. ఊరికే వదల్లేదు. నిండు బిందె ఎత్తి భుజాన పెట్టింది. వాళ్ల గుమ్మం దాకా మోశాను. సగం నీళ్లు నా చొక్కా మీదే పోయాయి. ఊరంతా నవ్వింది. ఆ నవ్వు విన్నాక గానీ నా గుండెల మీంచి రాయి దిగలేదు.

ఒక మాట మిగిలింది. చెప్పకుండా వస్తే మళ్లీ మొదటి తప్పే అవుతుంది. బయల్దేరేముందు మస్తాన్ గారిని పక్కకు పిలిచాను.

"ఈ సుర్మాలో ఉన్నది సీసమేనండీ. పసిపిల్లల కళ్లకు పెట్టడం మంచిది కాదు. చేతులంటుకుని నోట్లోకి పోతుంది."

ఆయన గడ్డం నిమురుకున్నారు.

"ఈ మాటన్నా కొత్త సీసాలో పట్టి చూసి చెబుతున్నారా సార్?"

సిగ్గుతో చచ్చాను. "ఈసారి అనుమానం లేదండీ" అన్నాను.

"మా నాయన నాకు పెట్టాడు. ఈనాటికీ సూదిలో దారం నేనే ఎక్కిస్తా." కాసేపు కొండ వంక చూశారు. "అయినా, తప్పు నాదేనని ఊరందరి ముందూ ఒప్పుకున్న మనిషి మీరు. మీ మాట ఒకటి వింటే నాకేం పోదులే. పిల్లలకి ఇవ్వనని చెబుతా."

లోపలికి వెళ్లి నీలం సీసా తెచ్చి నా సంచిలో పెట్టేశారు.

"ఇది మీకాడ ఉండటమే మేలు సార్. రేపు ఇంకెవరన్నా వచ్చి మంచి సీసా అడిగితే మా ఆడమనిషి మళ్లా ఇదే తీసిస్తుంది."

గుంటూరు, తిరిగి వచ్చాక

మూడు సీసాల నీళ్లూ పెద్ద పరీక్షకు పంపాను. వారానికి కాగితం వచ్చింది. సీసం లేదు. జింకు ఉంది, తాగేవాళ్లకు హాని చెయ్యనంత. పాఠంలో ఉన్నట్టే, పారిపోయేవాడే పారిపోయాడు. కొండలో ఖనిజం కొండలోనే ఉంది, ఊరి కిందికి దిగలేదు. మా అధికారి నిట్టూర్చాడు. ఈసారి టీ రాలేదు. నేనే బయటికి వెళ్లి, రూతమ్మ టీచరుకు ఉత్తరం డబ్బాలో వేసి, టీ కొట్లో రెండు కప్పులు తాగాను.

తిరిగి వచ్చి మ్యాపు పరిచి, ఎర్ర పెన్సిల్ సున్నను రబ్బరుతో తుడిచాను. పూర్తిగా పోలేదు, ఎర్రమరక మిగిలింది. దాని పక్కన ఏదో ఒకటి రాయాలి. మ్యాపంతా ఇంగ్లీషే. ఆ ఒక్కచోట మాత్రం తెలుగులో రాశాను: మంచినీళ్ల బావి.

రాశాక టీచరు గుర్తొచ్చి మళ్లీ చూసుకున్నాను. సున్న, దీర్ఘం, రెండూ ఉండాల్సిన చోటే ఉన్నాయి.